ఇన్యూట్ల తిమింగలం వేట, వంట: తరచుగా అడిగే ప్రశ్నలు

తిమింగలాన్ని వేటాడి తినే మనుషులు ఇప్పటికీ ఉన్నారని తెలియగానే చాలామందికి ఒకేసారి పది అనుమానాలు వస్తాయి. ఎక్కువగా వినిపించేవాటికి ఇక్కడ జవాబులున్నాయి. ఇన్యూట్లంటే ఉత్తర ధ్రువం చుట్టుపక్కల మంచు ప్రాంతాల్లో ఉండే ఆదివాసులు. ప్రధానంగా వాళ్ళలో ఒక శాఖ అయిన, ఉత్తర అలాస్కాలోని ఇన్యుపియాట్ ప్రజల గురించే రాశాను. కెనడా, గ్రీన్‌లాండ్ ఇన్యూట్ల పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ విషయం చెప్పాను.

ఈ వేట ఎక్కడ జరుగుతుంది?

అలాస్కాలో బోహెడ్ తిమింగలాన్ని వేటాడే ఊళ్ళు 11 ఉన్నాయి. పాయింట్ హోప్, వెయిన్‌రైట్, ఉట్కియాగ్విక్, కాక్టోవిక్ వాటిలో కొన్ని. సెయింట్ లారెన్స్ దీవిలోని గాంబెల్, సవూంగా కూడా ఈ 11లోవే కానీ అక్కడివాళ్ళు ఇన్యూట్లు కాదు, సైబీరియన్ యూపిక్ ప్రజలు. ఉట్కియాగ్విక్ జనాభా ఐదువేలకు కాస్త తక్కువ. పాత మ్యాపుల్లో ఈ ఊరు బారో అని ఉంటుంది. 2016లో ఓటు వేసి పాత పేరు తిరిగి పెట్టుకున్నారు.

ఏ తిమింగలాలను వేటాడతారు?

అలాస్కాలో ముఖ్యంగా బోహెడ్. దీనికి పళ్ళుండవు. పై దవడ నుంచి వేలాడే బలీన్ పలకలతో నీటిని వడకట్టి చిన్న చిన్న జీవులను తింటుంది. పెద్దది 15 నుంచి 18 మీటర్ల పొడవు, డెబ్భై టన్నులకు పైగా బరువు తూగుతుంది. కెనడా ఇన్యూట్లకు ఎక్కువగా దొరికేవి బెలూగా, నార్వాల్, ఇవి చాలా చిన్నవి. గ్రీన్‌లాండ్‌లో వీటితో పాటు మింకీ, ఫిన్, హంప్‌బ్యాక్ తిమింగలాలను కూడా కోటా ప్రకారం వేటాడతారు.

అలాస్కా వేటగాళ్ళు అన్నిటికన్నా పెద్దది దొరకాలని కోరుకుంటారనుకుంటే పొరపాటు. వాళ్ళకు ఇష్టమైనది ఇంగుటుక్, అంటే బాగా కొవ్వు పట్టి బొద్దుగా ఉన్న పిల్ల వయసు తిమింగలం. మాంసం మెత్తగా ఉంటుంది, లాగడమూ తేలిక. పక్కన పిల్ల ఉన్న తల్లి జోలికి వెళ్ళరు.

తిమింగలాలను చంపడం ప్రపంచమంతా నిషేధం కదా?

నిషేధం వ్యాపారం కోసం చేసే వేట మీద. తరతరాలుగా దాని మీద బతికే ఆదివాసుల తిండి కోసం చేసే వేటకు అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ వేరే కోటా ఇస్తుంది. అమెరికాలో 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కూడా అలాస్కా ఆదివాసులకు మినహాయింపు ఇచ్చింది.

ఈ హక్కు ఊరికే దక్కలేదు. 1977లో కమిషన్ ఉన్నట్టుండి బోహెడ్ వేటను పూర్తిగా ఆపేయమంది. మిగిలినవి రెండు వేల లోపేనని శాస్త్రవేత్తలు అప్పట్లో లెక్క కట్టారు. ఊళ్ళన్నీ అట్టుడికిపోయాయి. అదే ఏడాది వేట కెప్టెన్లంతా కలిసి అలాస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్ పెట్టుకుని వాదనకు దిగారు. చివరికి 1978కి దక్కింది 12 తిమింగలాలు, లేదా 18 సార్లు ఈటె వేసే అవకాశం. అన్ని ఊళ్ళకూ కలిపి అంతే.

తర్వాత జరిగింది నాకు ఈ విషయం మొత్తంలో బాగా నచ్చిన భాగం. మంచు మధ్య తెరుచుకున్న నీటిదారి పక్కన కూర్చుని, కళ్ళ ముందు పోయే తిమింగలాలను మాత్రమే లెక్కపెడుతున్నారని, దూరంగా మంచు కిందుగా పోయేవి ఎన్నో ఉన్నాయని హ్యారీ బ్రవర్ సీనియర్ అనే అనుభవజ్ఞుడైన కెప్టెన్ శాస్త్రవేత్త టామ్ ఆల్బర్ట్‌కు వివరించాడు. ఆ మాటను పట్టించుకుని 1980లలో నీటిలోకి మైకులు దించి విన్నారు. కెప్టెన్ చెప్పిందే నిజమని తేలింది. 2011 లెక్కలో సంఖ్య 16 వేలు దాటింది.

ఇప్పుడు కోటా ఏళ్ళ తరబడికి ఇస్తారు. 2019 నుంచి 2025 వరకు ఏడేళ్ళకు ఒడ్డుకు చేర్చడానికి అనుమతి ఉన్నవి 392 బోహెడ్‌లు. రష్యాలోని చుకోట్కా ఆదివాసుల వాటా కూడా అందులోనే ఉండేది. కెనడా 1982లోనే అంతర్జాతీయ కమిషన్ నుంచి బయటికి వచ్చేసింది కాబట్టి అక్కడి అనుమతులు ఆ దేశమే చూసుకుంటుంది.

ఇది ఎంత పాత అలవాటు?

సుమారు వెయ్యేళ్ళ క్రితం అలాస్కా నుంచి కెనడా మీదుగా గ్రీన్‌లాండ్ దాకా పాకిన థూలే జనం ఇప్పటి ఇన్యూట్ల పూర్వీకులు. చెట్లు లేని ఆ నేల మీద వాళ్ళు ఇళ్ళ కప్పులకు తిమింగలం దవడ ఎముకలను, పక్కటెముకలను దూలాలుగా వాడారు. ఆ ఇళ్ళ ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

బోహెడ్‌లను తుడిచిపెట్టినంత పని చేసింది వీళ్ళు కాదు. 1848లో బేరింగ్ జలసంధి దాటి వచ్చిన అమెరికన్ ఓడలు నూనె కోసం, ఆడవాళ్ళు నడుము సన్నగా కనిపించేలా బిగించుకునే కార్సెట్లలో పెట్టే బలీన్ కోసం అరవై ఏళ్ళకు పైగా వేటాడాయి. 1871లో వెయిన్‌రైట్ దగ్గర ముప్ఫైకి పైగా ఓడలు మంచులో ఇరుక్కుపోతే, 1,200 మందికి పైగా ఓడలు వదిలేసి బతికి బయటపడ్డారు. అయినా వేట ఆగలేదు. బలీన్‌కు గిరాకీ పడిపోయాకే ఓడలు రావడం మానేశాయి. ఆ నష్టం లెక్క మాత్రం 1977లో ఊళ్ళవాళ్ళ నెత్తిన పడింది.

వేట ఎలా సాగుతుంది?

ఉట్కియాగ్విక్‌లో ఏడాదికి రెండు వేట కాలాలు. వసంతంలో ఏప్రిల్, మే నెలల్లో తిమింగలాలు ఉత్తరానికి పోతాయి. శరత్కాలంలో సెప్టెంబరు, అక్టోబరులో తిరిగి వస్తాయి.

వసంతం వేటకు ముందు పని దారి వేయడం. ఒడ్డుకు అతుక్కున్న సముద్రపు మంచు చదునుగా ఉండదు. ఒకదాని మీదికొకటి ఎక్కి గట్టుకట్టిన మంచు దిమ్మలను గొడ్డళ్ళతో, గునపాలతో కొట్టి స్నోమొబైల్ పోయేంత బాట చేస్తారు. వారాలు పడుతుంది. మంచు అంచున, నీటిదారి పక్కన మకాం వేస్తారు. పైన తెల్లబట్ట కప్పుకుంటారు. పెద్దగా మాట్లాడకూడదు, మంచు మీద దేన్నీ దబ్బుమని పడేయకూడదు. బోహెడ్‌కు వినికిడి చాలా ఎక్కువ. గాలి దిశ మారి కాళ్ళ కింది మంచు విరిగి సముద్రంలోకి కొట్టుకుపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు మెలకువగా ఉండి పగుళ్ళను, ప్రవాహాన్ని చూస్తూనే ఉండాలి. తెల్ల ఎలుగుబంట్ల సంగతి సరేసరి.

తిమింగలం ఊపిరి పీల్చుకోవడానికి దగ్గరగా లేచినప్పుడు పడవను చప్పుడు లేకుండా నీళ్ళలోకి తోస్తారు. ముందు కూర్చున్నవాడు ఈటె వేస్తాడు. ఆ ఈటెకు తాడు, తాడుకు తేలే బుడగ కట్టి ఉంటాయి. ఒకప్పుడు ఆ బుడగలు గాలి నింపిన సీల్ తోలు సంచులు. వాటిని లాగి లాగి తిమింగలం అలసిపోయేది. ఈటె మొన లోపలికి దిగాక అడ్డంగా తిరిగి ఊడిపోకుండా పట్టుకుంటుంది. ఈ అడ్డమొన ఇన్యూట్ల పాత పనితనం. ఇప్పుడు ఆ ఈటెతో పాటే పేలుడు గుండు కూడా దిగుతుంది.

కెప్టెన్‌ను ఉమియాలిక్ అంటారు. పడవ, ఆయుధాలు, పెట్రోలు, జట్టుకు తిండి, ఖర్చంతా ఆయనదే. సీజన్ మొత్తం ఒక్కటీ దొరక్కపోయినా ఆ ఖర్చు తప్పదు.

పడవ నిజంగా తోలుదేనా?

వసంతం వేటకు చాలా జట్లకు ఇప్పటికీ తోలు పడవే, పేరు ఉమియాక్. కర్రల చట్రం మీద ఉగ్రుక్ అనే పెద్ద గడ్డం సీల్ తోళ్ళు ఆరేడు కలిపి కుట్టి బిగిస్తారు. కారిబూ దుప్పి నరాలను పేని చేసిన దారంతో ఆడవాళ్ళు కుడతారు. సూది తోలు మందంలో సగం వరకే పోవాలి, ఆ చివరికి బయటపడకూడదు. బయటపడితే ఆ రంధ్రంలోంచి నీళ్ళు వస్తాయి. రెండు వరుసలు కుట్టాక పడవ కారదు. తేలిక, చప్పుడు లేదు, మంచుకు తగిలినా అల్యూమినియంలా మోగదు. శరత్కాలంలో సముద్రం తెరిపిగా ఉంటుంది కాబట్టి మోటారు పడవలు వాడతారు.

ఆడవాళ్ళ పాత్ర పడవ కుట్టడం వరకేనా?

కాదు. కెప్టెన్ భార్యది కెప్టెన్‌తో సమానమైన స్థానం. పాత నమ్మకం ప్రకారం తిమింగలం వేటగాడికి దొరికిపోదు, యోగ్యులైన వాళ్ళకు తనంతట తానే వచ్చి ఇచ్చుకుంటుంది. ఆమె ఇంట్లో శాంతంగా, ఎవరితోనూ తగువు లేకుండా ఉంటేనే అది వస్తుందని పాయింట్ హోప్‌లో నమ్మేవారు. భర్త వేటలో ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో కదలకుండా కూర్చునేది. చచ్చిన తిమింగలానికి దాహం తీరాలని నోటి దగ్గర మంచినీళ్ళు పోసేదీ ఆమే. తర్వాత వంట, వడ్డన, ఎవరికెంత అనేదీ ఆమె చేతిమీదుగానే నడుస్తుంది.

అంత బరువును మంచు మీదికి ఎలా ఎక్కిస్తారు?

ఊరంతా కలిసి లాగుతారు. వీహెచ్‌ఎఫ్ రేడియోలో కబురు రాగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టు స్నోమొబైళ్ళెక్కి వస్తారు. ముందు ప్రార్థన (ఇప్పుడు దాదాపు అందరూ క్రైస్తవులే), ఆ తర్వాత పని. మంచు అంచును ఏటవాలుగా చెక్కి, మంచులోనే గుంజలాంటి పట్టు తొలిచి, దానికి పెద్ద కప్పీలు బిగించి తోక వైపు నుంచి లాగుతారు. మంచు పలచగా ఉంటే విరిగి మొత్తం నీళ్ళపాలవుతుంది కాబట్టి ఎక్కడ లాగాలన్నది పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు. శరత్కాలంలో దొరికినదాన్ని ఒడ్డుకు చేర్చి బుల్‌డోజర్‌తో లాగేస్తారు, అంత కష్టం ఉండదు.

పొడవాటి కర్రపిడికి బిగించిన కత్తులతో కొందరు పైన నిలబడి కోస్తుంటే, కింద కొక్కేలతో కొవ్వు పట్టీలను లాగేవాళ్ళు లాగుతుంటారు. పని ఆగకూడదు. తిమింగలం ఒంటి వేడి ఆ కొవ్వు పొర వల్ల లోపలే నిలిచిపోతుంది. బయట గడ్డకట్టే చలి ఉన్నా సరే, ఆలస్యం చేస్తే లోపలి మాంసం పాడైపోతుంది. అందుకే రాత్రి అయినా మానరు. మే రెండో వారం దాటాక ఉట్కియాగ్విక్‌లో సూర్యుడు అస్తమించడు కాబట్టి రాత్రి అన్న మాటకూ పెద్దగా అర్థం ఉండదు.

పని అయ్యాక పుర్రెను మళ్ళీ సముద్రంలోకి తోసేయడం పాత ఆచారం, ఆ ప్రాణి మరో దేహంతో తిరిగి వస్తుందని నమ్మకం.

ఎవరికెంత వాటా? అమ్ముకుంటారా?

అమ్మరు. అలాస్కాలో బోహెడ్ మాంసానికి దుకాణం ధర అనేదే లేదు. బలీన్ మీద, ఎముక మీద చెక్కిన కళాఖండాలను మాత్రం అమ్ముకోవచ్చు. గ్రీన్‌లాండ్ పద్ధతి వేరు, నూక్ పట్టణంలోని మాంసం మార్కెట్‌లో బహిరంగంగా అమ్ముతారు.

పంపకానికి ఊరి ఊరికీ కట్టుబాటు ఉంది. ఉట్కియాగ్విక్‌లో ఈటె వేసిన జట్టుకు, సాయం వచ్చిన జట్లకు ఏ భాగం పోవాలో ముందే తెలుసు. నడుము చుట్టూ కోసే తవ్సి అనే పట్టీ కెప్టెన్ ఇంటికి పోతుంది. పేరుకు ఆయనదే, కానీ దాన్ని వండి ఊరందరికీ పెట్టాలి. తోక వైపు భాగాన్ని పండగ విందులకు దాచాలి. వేటకు రాలేని ముసలివాళ్ళకు, విధవరాళ్ళకు ఇంటికి పంపుతారు. లెక్క చూస్తే అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టినవాడే అందరికన్నా ఎక్కువ పంచిపెట్టాలి. ఊళ్ళో పెద్దరికం దాని వల్లే వస్తుంది.

మక్తక్ అంటే ఏమిటి? ఎలా ఉంటుంది?

తోలు, దాని కింది కొవ్వు కలిపి కోసిన ముక్క. బోహెడ్‌లో నల్లటి తోలు సుమారు అంగుళం మందం, కింద గులాబీ ఛాయ కలిసిన తెల్లటి కొవ్వు. కొవ్వు మొత్తం అడుగు మందం దాకా ఉంటుంది కానీ తినే ముక్కకు కొంతే ఉంచుతారు. ఊలు అనే అర్ధచంద్రాకారపు కత్తితో చిన్న ముక్కలు చేస్తారు. తోలు సాగుతుంది కాబట్టి అడ్డంగా నిలువుగా గాట్లు పెడితే నమలడం తేలిక.

గడ్డకట్టినదాన్ని పచ్చిగానే, ఉప్పుతోనో సోయా సాస్‌తోనో తింటారు. తోలు పంటికింద పచ్చి కొబ్బరిలా తగులుతుంది, రుచిలో గింజల కమ్మదనం ఉంటుంది. కొవ్వు నోట్లో నూనెగా కరుగుతుంది. నీచు వాసన గుప్పుమంటుందని భయపడేవాళ్ళు చాలామంది, కానీ తాజా మక్తక్‌కు వాసన తక్కువే.

పచ్చిగా తప్ప వండుకోరా?

ఎందుకు వండుకోరు! వేట రోజు మొదట చేసేది ఉనాలిక్. తాజా మక్తక్‌ను ముక్కలు కోసి మరిగే నీళ్ళలో ఉడకబెట్టి, కోత పనిలో ఉన్నవాళ్ళకు వేడివేడిగా పెడతారు. నాలుక, గుండె, మూత్రపిండాలు, పేగులు కూడా ఉడకబెట్టుకుని తింటారు. మాంసం ముదురు ఎరుపు, పులుసుగానూ వేపుడుగానూ చేస్తారు. గడ్డకట్టిన పచ్చి మాంసాన్ని పలచగా చెక్కి తింటే దాని పేరు క్వాక్. కెనడాలో బెలూగా మాంసాన్ని ఎండబెట్టి నిక్కు చేస్తారు.

అన్నిటిలో పేరున్నది మికిగాక్. మాంసం, కొవ్వు, మక్తక్, నాలుక ముక్కలను వాటి రక్తంతోనే గిన్నెలో వేసి చల్లటి చోట కొన్ని రోజులు పులియబెడతారు. రోజూ పలుమార్లు కలియబెట్టాలి, గాలి తగలాలి. ఎండ తగిలినా, వెచ్చబడినా, ఒక్కరోజు కలపడం మరచిపోయినా మొత్తం పారబోయాల్సిందే. బాగా కుదిరితే పుల్లగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఎవరింటి మికిగాక్ బాగుంటుందన్నది ఊళ్ళో అందరికీ తెలుసు.

పులిసింది, పచ్చిది తింటే ప్రమాదం లేదా?

ఉంది. గాలి చొరబడని చోట పెరిగే బాట్యులిజం సూక్ష్మజీవి విషం నరాలను చచ్చుబరిచి ఊపిరి ఆపేస్తుంది. 2002 జులైలో పశ్చిమ అలాస్కాలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన బెలూగా తోక మక్తక్‌ను ప్లాస్టిక్ సంచుల్లో దాచి తిన్న 14 మందిలో 8 మందికి ఈ జబ్బు వచ్చింది. పాత పద్ధతిలో గుంటలు, తోలు సంచులు, చెక్క పాత్రలు వాడేవారు, గాలి ఆడేది. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాకే ముప్పు పెరిగింది. యూట్యూబ్ చూసి ఇంట్లో ఏ మాంసాన్నైనా పులియబెట్టాలనుకునేవాళ్ళు దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

కూరగాయలు లేకుండా విటమిన్ సి ఎక్కణ్నుంచి?

మక్తక్ నుంచే. పచ్చి బెలూగా, నార్వాల్ తోలులో 100 గ్రాములకు సుమారు 30 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. కమలాపండు కన్నా తక్కువే కానీ విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బు రాకుండా చాలు. ఉడికిస్తే విటమిన్ సి తగ్గిపోతుంది, పచ్చిగా తినే అలవాటుకు అదొక లాభం. విటమిన్ ఎ, డి, ఒమేగా-3 కొవ్వులు కూడా బాగా ఉంటాయి.

పాదరసం ఉంటుందంటారు, నిజమేనా?

తిమింగలం జాతిని బట్టి ఉంటుంది. బెలూగా, నార్వాల్ చేపలను తినేవి కాబట్టి వాటి మాంసంలో పాదరసం ఎక్కువ. చిన్న జీవులను వడకట్టి తినే బోహెడ్‌లో చాలా తక్కువ. క్యుబెక్ ఉత్తరాన ఉన్న నునావిక్‌లో గర్భిణులు, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళు బెలూగా మాంసం తగ్గించమని ఆరోగ్య శాఖ చెబుతోంది. ఆ పాదరసంలో చాలా భాగం దక్షిణాన దూరంగా ఉన్న దేశాల నుంచి, బొగ్గు పొగలాంటి వాటితో గాలిలో అక్కడికి చేరినదే. వాళ్ళు తినడం వాళ్ళ తప్పన్నట్టు మాట్లాడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

సూపర్‌మార్కెట్ ఉందిగా, చికెన్ కొనుక్కోవచ్చు కదా?

ఉంది, కొనుక్కుంటారు కూడా. కానీ ఉట్కియాగ్విక్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. సరుకు విమానంలో రావాలి, లేదా వేసవిలో బార్జి మీద రావాలి. ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. డబ్బు సంగతి పక్కనపెట్టినా, సంక్రాంతికి అరిసెలెందుకు, బిస్కెట్లు కొనుక్కోవచ్చుగా అని మనల్ని అడిగితే ఏం చెబుతాం?

నిల్వ ఎలా చేస్తారు?

ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలలోకి బావిగా తవ్విన మంచు కొట్టు, పేరు సిగ్లుఆక్. నిచ్చెన వేసుకుని దిగుతారు. కొత్త తిమింగలం రాకముందే దాన్ని శుభ్రం చేసి కొత్త మంచు పరుస్తారు, మురికి కొట్టులోకి తిమింగలం రావడానికి ఇష్టపడదని నమ్మకం. ఈమధ్య నేల కరిగి కొన్ని కొట్లలో నీళ్ళు చేరుతున్నాయి. కొందరు ఫ్రీజర్లకు మారారు కానీ కొట్టులో ఊరిన రుచి ఫ్రీజర్‌లో రాదని పెద్దవాళ్ళ ఫిర్యాదు.

నలుకటాక్ పండగలో ఏం చేస్తారు?

వసంతం వేట ఫలించిన కెప్టెన్లు జూన్‌లో ఊరందరికీ పెట్టే విందు. గాలికి అడ్డంగా తడకలు కట్టి, పొద్దున్నుంచి సూప్, మికిగాక్, మక్తక్ వరుసగా వడ్డిస్తారు. జనం సంచులు, డబ్బాలు తెచ్చుకుని మిగతాది ఇంటికి పట్టుకెళ్తారు, అది మర్యాదే. తర్వాత సీల్ తోళ్ళు కుట్టిన పెద్ద దుప్పటిని చుట్టూ పట్టుకుని, మధ్యలో నిలబడ్డవాణ్ని గాల్లోకి ఎగరేస్తారు. రాత్రికి డప్పు, నాట్యం.

పేలుడు గుండు, మోటారు పడవ వాడుతూ సంప్రదాయం అనడం ఏమిటి?

ట్రాక్టరుతో దున్నితే అది వ్యవసాయం కాదంటామా? పేలుడు గుండు వల్ల ముఖ్యంగా లాభపడేది తిమింగలమే, త్వరగా చనిపోతుంది. దెబ్బ తిని తప్పించుకుపోయేవి కూడా తగ్గాయి. 1970లలో ఈటె పడినవాటిలో సగం దాకా చేజారేవి, ఇప్పుడు నాలుగింట మూడు వంతులకు పైగా ఒడ్డుకు చేరుతున్నాయి.

బోహెడ్ రెండు వందల ఏళ్ళు బతుకుతుందన్నది నిజమా?

నిజమే. కంటి కటకాన్ని పరీక్షించి కొన్నిటి వయసు రెండు వందలు దాటిందని అంచనా వేశారు. 2007లో ఉట్కియాగ్విక్ దగ్గర దొరికినదాని మెడ దగ్గర కొవ్వులో 19వ శతాబ్దం చివర న్యూ బెడ్‌ఫర్డ్‌లో తయారైన పేలుడు గుండు ముక్క కనిపించింది. ఆ తిమింగలం అమెరికన్ ఓడల కాలంలో ఒకసారి తప్పించుకుంది.

మంచులో చిక్కుకున్న తిమింగలాలను కాపాడిందీ ఈ ఊరివాళ్ళేనా?

అవును. 1988 అక్టోబరులో మూడు గ్రే తిమింగలాలు చిక్కుకుంటే చైన్ రంపాలతో మంచులో వరసగా రంధ్రాలు కోసి ఊపిరి ఆడేలా చేశారు. చివర్లో సోవియట్ ఐస్‌బ్రేకర్లు వచ్చి దారి తెరిచాయి. పిల్ల తిమింగలం బతకలేదు, మిగతా రెండూ బయటపడ్డాయి. టీవీలో ప్రపంచమంతా చూసింది. వేటాడేవాళ్ళే కాపాడారని అప్పట్లో కొందరు ఆశ్చర్యపోయారు. ఊళ్ళోవాళ్ళకు అందులో వింతేమీ కనిపించలేదు.

అలాస్కా వెళ్తే మనమూ తినొచ్చా? ఇంటికి తెచ్చుకోవచ్చా?

నలుకటాక్‌కు వెళ్తే బయటివాళ్ళకు కూడా వడ్డిస్తారు. నచ్చకపోతే కొద్దిగా పెట్టమనండి, తీసుకుని పారేయడం మాత్రం పెద్ద అవమానం. ఫోటోలు తీసేముందు అడగండి. సోషల్ మీడియాలో వేట ఫోటోలు పెట్టినందుకు బయటివాళ్ళ తిట్లు, చావు బెదిరింపులు తిన్న కుర్రాళ్ళున్నారు, అందుకే కెమెరా అంటే అక్కడ జాగ్రత్తపడతారు. ఇక సూట్‌కేసులో తేవడం కుదరదు. అమెరికా చట్టం, అంతరించే జీవుల వ్యాపారంపై ఉన్న సైటిస్ ఒప్పందం, మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టం మూడూ అడ్డే. బలీన్ మీద చెక్కిన బొమ్మ కొన్నా ఇదే సమస్య, కొనేముందే ఆలోచించుకోండి.